అన్నకి దక్కని సూది

ఎదురు కుర్చీలోని పిల్ల ఇందాకటి నుంచీ నోరు మూయడం లేదు. మూడేళ్ళుంటాయో ఉండవో, వాళ్ళమ్మ కోటు బొత్తాం పట్టుకుని లాగుతూ, గోడ మీద బొమ్మలో చేప పచ్చగా ఎందుకుంది, దాని అమ్మ ఏదీ, అది ఏం తింటుంది, మనం ఇంటికెళ్ళి ఏం తింటాం అంటూ ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి అడుగుతోంది. ఆ తల్లేమో ఫోన్లోంచి తల ఎత్తకుండా ఊఁ, ఊఁ అంటోంది. గిరిజకి ఆ మనిషి నెత్తిన ఒక్క మొట్టికాయ వెయ్యాలనిపించింది. ఊఁ ఏమిటమ్మా ఊఁ? ఇంట్లో బంగారం కురుస్తుంటే గొడుగేసుకుని కూర్చునే మొహమూ నువ్వూను. దేవుడు కూడా చూసి చూసి ఇలాంటి వాళ్ళకే ఇస్తాడు, విని విని విసిగిపోయే వాళ్ళకి. ఒక్కరోజు, ఒక్క పూట ఆ ప్రశ్నలన్నీ ఇటు తిప్పితే చేప గురించి పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్పదా తను? పక్కన నవదీప్ బల్ల మీది కరపత్రాలన్నీ నేల మీదికి దించి, అంచుకి అంచు కలిపి పేరుస్తున్నాడు. బీపీ గురించి ఒకటి, పొగ మానడం గురించి ఒకటి, మళ్ళీ బీపీ. వాడికి అయిదున్నరేళ్ళు. స్కూల్లో ఇయర్ వన్, మన ఒకటో తరగతి. ఇంట్లో వాడి మాటలన్నీ కలిపి గిరిజ ఒక ఊపిరిలో చెప్పేయగలదు.

శనివారం పూట సర్జరీలో, అంటే ఈ ఇంగ్లండులో పేటకొకటుండే డాక్టర్ల ఆసుపత్రిలో, పెట్టిన ఫ్లూ క్లినిక్ అది. ముసలివాళ్ళకీ, ఆయాసం వాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ వరసగా సూదులేసి పంపిస్తారు. రెండు నిమిషాల పని అన్నారుగానీ ఒక నర్సుకి ఒంట్లో బాగోలేదట, డ్యూటీల వరస తారుమారైందట, రిసెప్షన్‌లో అమ్మాయి వచ్చిన వాళ్ళందరికీ సారీ చెబుతూ గంట పట్టొచ్చంటోంది. మిగతావాళ్ళు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారు. గిరిజకి మాత్రం లోపల్లోపల హాయిగానే ఉంది. అసలు ఆ రెండో నర్సుకి కూడా ఏదో ఒకటి వస్తే ఇంకా మంచిది, నేను వెళ్ళానండీ, వాళ్ళే లేరు అని శ్రీకర్‌తో చెప్పుకోవచ్చు. మొగుడుగారు పదిరోజులుగా బెల్‌ఫాస్ట్‌లో క్లయింట్ దగ్గరున్నారు. పొద్దున్నే ఫోన్ చేసి "ఎళ్తున్నావు కదా?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. అడగడా మరి. ఇరవై వారాల స్కాన్ రోజునే వేసేస్తామంటే ముక్కు కారుతోందని తప్పించుకుంది. తర్వాతిచ్చిన తేదీకి ఆఫీసులో రిలీజ్ ఉందంది. ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టింగ్ చేసేదానికి రిలీజులకేం కొదవ, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒకటి దొరుకుతుంది. ఇక చెప్పడానికి సాకులు లేక, సీటుబెల్టు పొట్ట కిందికి సర్దుకుని, బేసింగ్‌స్టోక్ రౌండెబౌట్లన్నీ తిరిగి తిరిగి, కారు పార్కింగ్‌లో కాసేపు ఊరికే కూర్చుని, ఆఖరికి లోపలికొచ్చింది. ఆరో నెల నిండబోతోంది. బయట చలి మొదలైంది. ఈ గదిలోనే ముగ్గురు దగ్గుతున్నారు.

సూదంటే భయమా అంటే కాదు. అది పనిచెయ్యదన్న మూఢనమ్మకమా అంటే అదీ కాదు, పైగా అది ఎలా పనిచేస్తుందో ఈ గదిలో కూర్చున్న వాళ్ళందరికన్నా ఆమెకే బాగా తెలుసు. సంగతి వేరే ఉంది. బయటికి చెబితే చెంప పగలగొట్టే సంగతి. లోపలున్న ఈ బిడ్డని తలుచుకుంటే ఆమెకి కుళ్ళుగా ఉంది. కడుపులో బిడ్డ మీద తల్లికి కుళ్ళేమిటే, మతి గాని పోయిందా అంటారు. ఆమే అనుకుంది ఆ మాట. మొదట్లో వేవిళ్ళనుకుంది, తర్వాత నీరసమనుకుంది, స్కాన్‌లో ఆ వేళ్ళూ ముక్కూ చూసి శ్రీకర్ కళ్ళు తుడుచుకుంటుంటే తనకి గుండెలో చుర్రుమన్నప్పుడు తెలిసింది, ఓహో ఇదా అని. హైస్కూల్లో పక్క బెంచీ పిల్ల కొత్త చెప్పులు వేసుకొస్తే కాలుతుందే, సరిగ్గా ఆ చోట, అలాగే కాలింది. తన కోసం కాదు. ఆ రోజు స్కాన్ గది మూలన కూర్చుని కుర్చీ చక్రం తిప్పుకుంటున్నాడే, వాడి కోసం. వాడి తరఫున కుళ్ళు. వాడికి దక్కనిది దీనికి దక్కబోతోంది, అదీ వాళ్ళమ్మ చేతుల మీదుగానే.

నవదీప్ కడుపులో ఉన్నప్పుడూ చలికాలమే. సూపర్‌మార్కెట్‌లో ఫార్మసీ పక్క నుంచి బండి తోసుకెళ్తుంటే బిందుమాధవి ఆగింది. బిందు అంటే పక్క వీధిలో ఉండే బిందు, రాజమండ్రి పిల్ల, గిరిజకి ఈ ఊళ్ళో దొరికిన మొదటి స్నేహం. ఇద్దరూ కడుపుతోనే ఉన్నారు, బిందుకి నెల ముందు. "రావే, ఫ్లూ సూది ఫ్రీగా ఏస్తున్నారంట, ఇద్దరం ఏయించేసుకుందాం" అని చెయ్యి పట్టుకుని లాగింది. గిరిజ అక్కడే నిలబడి కాకినాడకి వాట్సాప్ కాల్ చేసింది. ఎందుకు చేసిందో. పెరుగు ఏ బ్రాండు కొనాలన్నా అత్తగారిని అడిగే రోజులవి, కొత్త దేశం, కొత్త కడుపు, అడిగితే ఆవిడకి సంతోషం, తనకి బరువు తీరడం. రాజేశ్వరమ్మ గారు కూర తరుగుతూ, ఫోన్లో సగం నుదురు మాత్రమే కనిపిస్తుండగా తీర్పు చెప్పారు. "టీటీ ఇంజెక్షన్లంటే మనకీ ఏస్తారమ్మా, అయ్యి తప్పదు. ఈ ఫ్లూదేంటి కొత్తగా? మనింట్లో ఎవరేయించుకున్నారు? నేను ముగ్గుర్ని కన్నాను, జలుబు కూడా లెక్కచెయ్యలేదు. బిడ్డకి ఏడి చేస్తాది, ఒద్దు." ఒద్దంటే ఒద్దు. బిందు తన మోచేతి పైన దూది అదుముకుంటూ బయటికొచ్చింది, నవ్వుతూ, చీమ కుట్టినట్టు కూడా లేదే అంటూ. గిరిజ ఆ వేళ బిందుని చూసి జాలిపడింది కూడా. పాపం, చెప్పేవాళ్ళు లేక తొందరపడిందనుకుంది. జాలి! ఆ జాలి ఇప్పుడు గుర్తొస్తే తన నెత్తినే తను మొట్టుకోవాలి.

తర్వాత రెండు వారాలకి బిందు శ్రీమంతం. కమ్యూనిటీ హాల్లో హీటర్లు పెట్టి, కిటికీలు బిగించి, అరవై మంది ఆడవాళ్ళూ పిల్లలూ. ఆ దగ్గెవరిదో ఎవరికీ తెలియదు, ఒక మూల మొదలై పులిహోర గిన్నెల దాకా వచ్చింది. కడుపుతో ఉన్నది ఇంకో కడుపుతో ఉన్నదానికి గాజులు తొడిగితే ఇద్దరికీ మంచిదని ఎవరో పెద్దావిడ అనడమూ, గిరిజని ముందుకు తొయ్యడమూ. పీట పక్కన కూర్చుని, బిందు రెండు చేతులకీ పచ్చవీ ఎర్రవీ తొడిగింది, చందనం రాసింది, అందరికంటే దగ్గరగా, అందరికంటే ఎక్కువసేపు. హాలుకి వచ్చినవాళ్ళలో సగం మంది ఆ వారం మంచం ఎక్కారు. బిందు ఎక్కలేదు. గిరిజ ఎక్కింది. ఎలాంటి జ్వరం అది! దుప్పట్లోంచి ఆవిర్లొస్తున్నట్టు, పళ్ళు టకటకమంటూ, గోడ మీద గడియారం మెత్తబడి జారుతున్నట్టు. పారాసెటమాల్ వేసుకోమని శ్రీకర్ బతిమాలాడు, మిడ్‌వైఫ్‌కి ఫోన్ చేద్దామన్నాడు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు మింగితే బిడ్డకి తగుల్తాయి, ఏ మాత్రా వద్దు, మిరియాల కషాయం పొయ్యి, తడిగుడ్డ వెయ్యి అని కాకినాడ నుంచి గంటగంటకీ ఆదేశం. గిరిజ కూడా అదే పట్టు పట్టింది. బిడ్డ కోసం ఓర్చుకుంటున్నాననుకుంది, తన కంటే మంచి తల్లి భూమ్మీద లేదన్నట్టు పళ్ళ బిగువున ఓర్చుకుంది, మూడు పగళ్ళూ మూడు రాత్రులూ. ఆ మాత్రే వేసుకోవాలట. వేసుకుని జ్వరాన్ని దించాలట, ఒళ్ళు కాలనివ్వకూడదట. తర్వాత తెలిసింది.

"వాట్స్ యువర్ నేమ్, డార్లింగ్?" పక్క కుర్చీలో ఉలెన్ టోపీ పెట్టుకున్న ముసలావిడ ముందుకు వంగి నవదీప్‌ని అడుగుతోంది. వాడు బీపీ కరపత్రం కొసని వేలితో సరిచేశాడు. ఆవిడ మళ్ళీ అడిగింది, ఇంకాస్త గట్టిగా, చెవులు వినపడని వాళ్ళని అడిగినట్టు. ఇలాంటప్పుడు గిరిజ దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, వాడి బదులు తను చెప్పడం. రెండు, వాడికి కాస్త టైమ్ పడుతుందండీ అని నవ్వడం. రెండూ చేసింది. "హీజ్ నవ్‌దీప్" అంది, నవ్వింది కూడా. ఆవిడ "ఆహ్" అంది, ఆ "ఆహ్"లో అంతా అర్థమైపోయింది, మంచావిడే, బ్యాగులోంచి బిస్కెట్ తియ్యబోయి మళ్ళీ ఆగి, తినొచ్చా అని గిరిజని కళ్ళతోనే అడిగింది. ఈ మంచితనమే భరించడం కష్టం. ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. ఎదురు కుర్చీ పిల్ల ఈలోపు అడక్కుండానే తన పేరూ, కుక్క పేరూ, నానమ్మ ఊరి పేరూ అందరికీ వినపడేలా చెప్పేసింది. ఎవరడిగారే నిన్ను? గిరిజ తలతిప్పుకుంది. పసిదాని మీద ఏడుపేమిటి, ఛీ. ఛీ అనుకున్నా ఏడుపు తగ్గలేదు. చింత చచ్చినా పులుపు చావదు.

లాక్‌డౌన్ పిల్లలంతా ఇంతేనన్నారు మొదట. నవదీప్ పుట్టిన నెలలోనే ఊరంతా తలుపులు మూసుకుంది, మనుషుల మొహాలు చూడని పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారన్నారు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు బతికింది. కానీ బిందు కూతురు శ్రీజ కూడా అదే వీధుల్లో, అవే మూసిన తలుపుల వెనకాలే పెరిగింది కదా, అది ఏడాదిన్నరకే వాక్యాలు కట్టింది. ఆ తర్వాత ఇంటికొచ్చి పిల్లల్ని చూసే హెల్త్ విజిటర్లూ, చెవి పరీక్షలూ, ఎదురుచూపులూ, చివరికి తెల్లజుట్టు డాక్టరమ్మ. ఓపిక గల మనిషి. గిరిజ అడిగేసింది, జ్వరం వల్లనా అని. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. క్రిమి సాధారణంగా బిడ్డ దాకా పోదు. కానీ తల్లి ఒళ్ళు దానితో యుద్ధం చేస్తుంది కదా, ఆ యుద్ధంలో రక్తంలోకి కొన్ని సంకేతాలు విడుదలవుతాయి, అవి మావి మీద పనిచేస్తాయి, కొన్ని దాటి వెళ్ళొచ్చు కూడా. బిడ్డ మెదడులో కాపలా కణాలుంటాయి, తోటమాలి పని కూడా వాటిదే, ఏ కొమ్మ ఉంచాలో ఏది కత్తిరించాలో చూసుకుంటాయి. బయట యుద్ధమని వార్త అందితే అవి కంగారు పడొచ్చు. ఎలుకల్లో ఇది బాగానే చూశాం. మనుషుల్లో, లక్షల మంది తల్లుల లెక్కలు తీస్తే, పెద్ద జ్వరాలొచ్చిన వాళ్ళ పిల్లల్లో ఇలాంటివి కొద్దిగా, చాలా కొద్దిగా ఎక్కువ. జ్వరమొచ్చిన తల్లుల్లో ఎక్కువమంది పిల్లలకి ఏమీ కాదు. జ్వరమే రాని తల్లుల పిల్లలూ నా దగ్గరికొస్తారు. వంశంలో వచ్చేవి చాలా ఉంటాయి. మీ బాబు సంగతిలో కారణం ఇదీ అని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు, మిమ్మల్ని మీరు దీనికి బాధ్యురాలిని చేసుకోకండి. అంత మంచిగా చెప్పింది. గిరిజ అన్నీ వినింది, తలూపింది, కారు దాకా వచ్చేసరికి చెవిలో ఒక్కటే మిగిలింది. కొద్దిగా ఎక్కువ. ఆ కొద్దిలోకి తన కొడుకే ఎందుకు పడాలి? లక్షల తల్లుల లెక్కలో అవతలి పక్కన నిలబడ్డ బిందు, ఇవతలి పక్కన తను, మధ్యలో సూపర్‌మార్కెట్ ఫార్మసీలో రెండు నిమిషాలు.

ఫోన్ బుర్రుమంది. బిందే. "అయిందా? చెయ్యి లాగితే వంట పెట్టుకోకు, వంకాయ కూరా పప్పూ చేశా, నేనూ శ్రీజా తెచ్చిస్తాం." చూశారా. ఇలాంటిది బిందు. పోట్లాడ్డానికి ఒక్క సందివ్వదు. నవదీప్‌కి స్పీచ్ థెరపీ ఉన్న రోజున ఆఫీసు మీటింగ్ ఉంటే తనే తీసుకెళ్ళి తీసుకొస్తుంది. వాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని రంగుల డబ్బాలు పేరుస్తుంది, అలసిపోదు. అంత మంచిదాని మీద ఇంత విషమా అని గిరిజకే భయమేస్తుంది. దీపావళి ప్రోగ్రాంలో శ్రీజ మైకు పట్టుకుని తెలుగులో పద్యం చెబుతుంటే, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతూ గిరిజ మనసులో ఏమనుకుందో దేవుడికి తెలుసు. మర్చిపోవాలి, మర్చిపోవాలి, ఒక్క లైను మర్చిపో అనుకుంది. పిల్ల మర్చిపోలేదు. ఆ తర్వాతి వారం తమ ఇంటికొచ్చినప్పుడు శ్రీజ జడ పక్కకి జరిగితే చెవి వెనక కాటుక చుక్క కనిపించింది. ఆ ఇంట్లో శ్రీజకి దిష్టిచుక్క పెట్టడం గిరిజ ఎప్పుడూ చూడలేదు, బిందుకి అలాంటి పట్టింపుల్లేవు. స్కూలుకి వెళ్ళేటప్పుడు లేదు, గుడికి వెళ్ళేటప్పుడు లేదు. తమ ఇంటికి వచ్చేటప్పుడే ఉంది. బిందుకి ఎవరు చెప్పారో, వాళ్ళమ్మ చెప్పిందో, తనకే తోచిందో. గిరిజ కాఫీ కలుపుతూ ఆ చుక్కనే తలుచుకుంది. కోపం రావాలి గానీ రాలేదు. పెట్టాల్సిన చోటే పెట్టింది కదా, ఎందుకు రావాలి. ఆ పిల్ల మాత్రం ఏమీ ఎరగనట్టు నవదీప్ పక్కన చతికిలబడి "వై డజంట్ హీ ఆన్సర్ మీ, ఆంటీ?" అని అడిగింది. వాడికి నువ్వంటే ఇష్టమేరా, చెప్పడం రాదంతే అంది గిరిజ. దానికి తెలుగు బాగానే అర్థమవుతుంది. "ఓకే" అని వాడి బొమ్మల వరసలో తనూ ఒకటి పెట్టింది.

లోపల బిడ్డ తన్నింది. చిన్నగా, పక్కటెముక కింద. గిరిజ పొట్ట మీద చెయ్యేసి తీసేసింది. నీకేం, తంతావు. నీకన్నీ అమరాయి. నీకోసం అందరూ ముందుగానే మేల్కొన్నారు. ఈ సూది వేస్తే రెండు వారాల్లో నా రక్తంలో సైన్యం తయారవుతుందట, అందులో కొంత బొడ్డుతాడు గుండా నీకూ పంపుతానట, నువ్వు పుట్టి కొన్ని నెలల దాకా అది నీకు కాపలా కాస్తుందట. యుద్ధమే ఉండదు, తోటమాలులకి కంగారే ఉండదు, నీ కొమ్మలన్నీ చక్కగా పెరుగుతాయి. ఏడాది తిరిగేసరికి అత్తా తాతా అంటావు. రెండేళ్ళకి చేప పచ్చగా ఎందుకుందని అడుగుతావు. మూలన కూర్చున్న అన్నని దాటేసి పరిగెడతావు, వాడి పేరు వాడికంటే ముందు నువ్వే చెబుతావు. అప్పుడు మీ నానమ్మ ఫోన్లో 'హమ్మయ్య' అంటుంది చూడు. ఆ హమ్మయ్య గిరిజకి ఇప్పుడే వినపడుతోంది, కాకినాడ నుంచి, బెల్‌ఫాస్ట్ నుంచి, బిందు ఇంట్లోంచి, కమ్యూనిటీ హాలు నిండా. ఒక్కొక్క హమ్మయ్య నవదీప్ మీద వేసే ఒక్కొక్క పెంకు. నువ్వు మాట్లాడిన ప్రతి మాటా నా మీద సాక్ష్యం. చూశావా, సూది పడిన బిడ్డ మాట్లాడింది, పడని బిడ్డ మాట్లాడలేదు అని. డాక్టరమ్మ లక్ష చెప్పనీ, అలా కాదమ్మా అననీ, నాకు మాత్రం రుజువైపోతుంది.

అందుకని ఏం కావాలే నీకు, అని తనని తనే అడిగింది. అడగ్గానే జవాబు సిద్ధంగా ఉంది, ఎప్పట్నుంచో తలుపు వెనకే నిలబడి ఉంది. వెయ్యించుకోకపోతే? జ్వరం రావొచ్చు, రాకపోవచ్చు. ఏదైతే అది అవుతుంది. ఇది కూడా వాడిలాగే పుడితే వాడికి తోడుంటుంది, ఇద్దరూ కలిసి కాగితాలు పేర్చుకుంటారు, అప్పుడిక నా తప్పూ లేదు, జ్వరమూ లేదు, మా రక్తమే అంత, మా రాతే అంత. ఎవరూ హమ్మయ్య అనరు. తల్లి కోరుకునే కోరికేనా ఇది? పాము కూడా ఆకలేస్తేనే తన గుడ్లు తింటుందంటారు. తనకి ఏ ఆకలి? పొట్ట మీద మళ్ళీ చెయ్యి వేసింది, ఈసారి తియ్యలేదు. కానీ లేచి లోపలికెళ్ళి చెయ్యి చాపగలనన్న నమ్మకమూ కలగలేదు.

అత్తగారొకరు మళ్ళీ. ఆవిడైనా పాత పాటే పాడుంటే బాగుండేది, ఒద్దంటే ఒద్దని. పోట్లాడి మరీ వేయించుకునేది, ఆ పౌరుషం మీద అయినా పని జరిగేది. కానీ ఆవిడ మారిపోయారు. ఎవరో వాట్సాప్‌లో పంపిన డాక్టరు వీడియో చూశారట, మొన్న ఫోన్ చేసి ఎంతో మెత్తగా, ఎప్పుడూ లేనంత మెత్తగా, "ఏయించుకోమ్మా. ఈసారైనా జాగర్తగా ఉండాలి కదా" అన్నారు. ఈసారైనా. పుండు మీద కారం చల్లడానికి గరిటె నిండా అక్కర్లేదు, చిటికెడు చాలు. పోనీ ఆవిడని నిలదీద్దామా అంటే, ఆ మాట అన్నాక అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఆవిడకీ లోపలేదో తొలుస్తోంది. ఇద్దరూ ఒకే పుండు చెరోవైపు నుంచి పట్టుకుని, నీదంటే నీదని అనలేక, బియ్యం ధరల గురించి మాట్లాడుకుని పెట్టేశారు.

గోడ మీది తెరలో పేరు వెలిగింది, లోపలి నుంచి ఎవరో "గిరీజా?" అని పిలిచారు. కాళ్ళు లేచాయిగానీ అడుగు తలుపు వైపు పడింది, వచ్చిన తలుపు వైపు. కారు తాళం చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. పిల్లాడు అల్లరి చేస్తున్నాడండీ, మళ్ళీ వస్తాను అంటే చాలు, ఇక్కడెవరూ కాదనరు, నవదీప్‌లాంటి పిల్లాడిని చూపిస్తే ఈ దేశంలో ఏ సాకైనా చెల్లుతుంది. ఆ సాకు నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ నవదీప్ అల్లరి చెయ్యడం లేదు. కరపత్రాలు వదిలేసి లేచి, నడవాలో వరసగా వెలిగే దీపాల్ని చూసుకుంటూ లోపలికి నడుస్తున్నాడు, పిలిచింది వాడినే అన్నట్టు. వాడి వెనక గిరిజ నడిచింది. ముసలావిడ చెయ్యి ఊపింది.

నర్సు గుండ్రటి మనిషి, ఉదయం నుంచీ ఇద్దరి పని ఒక్కతే చేస్తున్నట్టుంది, జుట్టు చెదిరింది, అయినా నవ్వింది. ఆలస్యానికి క్షమించమంది. ఇవాళ జ్వరముందా, గుడ్డు పడదా, ఇంతకుముందు ఏ సూదికైనా ఒళ్ళు దద్దుర్లెక్కిందా, బిడ్డ కదులుతోందా అని గడగడా అడిగింది. లేదు, లేదు, లేదు, కదులుతోంది. "ఏ చెయ్యి?" గిరిజ స్వెట్టర్ చేతులు రెండూ వేళ్ళ దాకా లాక్కుంది. నర్సు సిరంజి ట్రేలో పెట్టి ఆగింది. "భయమా? పర్లేదు, చాలామందికి ఉంటుంది." భయం కాదు అని చెప్పడానికి గిరిజ నోరు తెరిచింది, ఇంగ్లీషులో ఆ తర్వాతి వాక్యం లేదు. తెలుగులోనూ లేదు. ఇవాళ వద్దులెండి, ఇంకోరోజు వస్తాను అనబోయింది. నర్సు ఈలోపు లేచి, తొందరేం లేదన్నట్టు గిరిజ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. స్వెట్టర్ చెయ్యి మెల్లగా పైకి మడిచి, మోచేతి పైన బొటనవేలితో నిమురుతూ నిలిపింది. ఎవరైనా అలా నిమిరి ఎంత కాలమైందో. గిరిజ కళ్ళు మూసుకుంది.

మోకాలికి ఏదో తగిలింది. కళ్ళు తెరిస్తే నవదీప్. మూలనున్న బరువు చూసే యంత్రం ఎక్కి దిగుతూ ఉన్నవాడు, ఎప్పుడొచ్చాడో, నర్సుకీ అమ్మకీ మధ్యలోకి దూరాడు. నర్సు చేతిని చూశాడు. ఆ చెయ్యి అమ్మ మీద ఉండడం చూశాడు. రెండు చేతులతోనూ గిరిజ మోచెయ్యి పట్టుకుని గట్టిగా అవతలికి తోసేశాడు. తోసేసి, తన స్వెట్టర్ చెయ్యి లాగడం మొదలుపెట్టాడు, అది పైకి మడతపడక చిక్కుకుంటే చిరాగ్గా మూలిగి, ఇంకా లాగి, సన్నటి తెల్లటి మోచెయ్యి బయటపెట్టి నర్సు మొహం ముందు చాపాడు. "మై టర్న్" అన్నాడు.

నర్సు పకపకా నవ్వింది, నీ వంతు స్కూల్లోరా నాన్నా, అక్కడ ముక్కులో చుక్కలేస్తారు, సూది లేదు అంది. గిరిజ నవ్వలేదు. మై టర్న్ అనడం స్పీచ్ థెరపీలో నేర్పారు, నేర్పిన చోట నేర్పినట్టు అప్పజెబుతాడు, ఆమె ఆశ్చర్యం దానికి కాదు. అయిదున్నరేళ్ళలో వాడు ఎవరి చేతిలోదీ అడగలేదు. కేకు ముక్క పక్కవాడికి పెద్దది పెట్టినా చూడలేదు. ఊయల మీంచి ఎవరైనా దింపేస్తే దిగి వెళ్ళిపోయాడు. బిందు శ్రీజని ఎత్తుకుంటే, తను శ్రీజని ఎత్తుకున్నా సరే, గోడ వైపు తిరిగి తన పని తను చూసుకున్నాడు. ఇంకొకరికి ఉంది, నాకు లేదు అన్న లెక్క వాడి లోకంలో లేదనే అనుకున్నారందరూ. ఇప్పుడు అమ్మ చేతిని ఎవరో నిమురుతుంటే వాడికి నచ్చలేదు. ఆ నిమిరేది తనకి కావాల్సి వచ్చింది. వాడి కింది పెదవి ముందుకొచ్చి వణుకుతోంది, కనుబొమలు ముడిపడ్డాయి. ఆ మొహం గిరిజకి బాగా తెలుసు. ఏళ్ళుగా అద్దంలో చూస్తున్నదే.

"ముందు మమ్మీ టర్న్, తర్వాత నవి టర్న్" అంది. వాడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, తన చెయ్యి నర్సుకి ఇచ్చింది. వాడికి వరస రావాలంటే తన వరస అయిపోవాలి కదా మరి, ఆ సంగతి వాడికి ఎవరో కష్టపడి నేర్పారు, తను ఇప్పుడు చెడగొట్టకూడదు. సూది దిగింది. వాడు రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు, ఎప్పుడవుతుందా అని. లోపలిది కూడా కదిలింది, ఊరుకోవే, నీది నీకు అందుతోందిలే అనుకుంది గిరిజ. నర్సు ఆమెకి గుండ్రటి ప్లాస్టర్ అంటించింది. తర్వాత ఎంతో గంభీరంగా వాడి మోచెయ్యి పట్టుకుని, దూదితో తుడిచి, బొటనవేలితో నిమిరి, వాడికీ ఒకటి అంటించింది. వాడు తనది చూసుకున్నాడు. అమ్మది చూశాడు. రెండూ ఒకటేనా కాదా అని మళ్ళీ మళ్ళీ చూశాడు.

"నొప్పి పుట్టిందా?" నర్సు టిష్యూ డబ్బా ముందుకి జరిపింది. అప్పుడుగాని తన చెంపలు తడిసిన సంగతి గిరిజకి తెలియలేదు.

"లేదండీ," అంది గిరిజ తెలుగులోనే, ఆవిడకి అర్థం కాదన్న ధ్యాసే లేకుండా, నవ్వుతూ, "మావాడికి కుళ్ళొచ్చిందండీ. నామీద కుళ్ళొచ్చింది!"